మసకబారిన హెడ్‌లైట్లు

"ఫ్యాను ఏ పక్కకు తిరుగుతుంది?"

"కరెంటు ఉంటే చెబుతాను."

కోడ్ సరిపోయింది. చిక్కపేట రేడియో రిపేరు షాపు వెనక తలుపు తెరుచుకుంది. 1943, మే నెల, మధ్యాహ్నం మూడు గంటలు. లైన్‌మన్ వేషంలో, నడుముకు కటింగ్ ప్లయర్‌తో ఏజెంట్ పదిహేడు రామాంజినప్ప లోపలికి వెళ్ళాడు. చీఫ్ చెన్నరాయప్ప సోల్డరింగ్ ఐరన్ పక్కన పెట్టాడు.

"ఏడు గంటలకు ఆయుధాల రైలు పోతాది. శత్రువుల కోడ్‌లో దాని పేరు పట్టుమూటలు. టైము తెలిస్తే దారిలో పేల్చేస్తారు. రోజూ ఆరింటికి మన ఊర్లోనించే ఎవుడో రేడియోలో మోర్స్ కొడతా ఉండాడు."

"ఫాల్క్?"

"వాడి మీదే డౌటు. పట్టు వ్యాపారినంటాడు. బంగళా మూడుసార్లు సోదా చేసినా ట్రాన్స్‌మిటర్ దొరకలే. వీధి వీధికీ మెయిన్స్ తీసి చూసినాం. ఫ్యాన్లు ఆగినాయి, బల్బులు ఆరినాయి, సిగ్నల్ మాత్రం ఆగలే. అంటే ఏసీ కాదప్పా. బ్యాటరీ. డీసీ."

"బ్యాటరీ వోల్టేజీ చాలదు కదా సార్?"

"ఏసీ అటూ ఇటూ మారతా ఉంటాది కాబట్టి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని పెంచిస్తాది. డీసీ ఒకే దిక్కుకు పోతాది, ట్రాన్స్‌ఫార్మర్‌కు లొంగదు. అందుకని దాన్ని సెకనుకు నూరుసార్లు తెంచి కలిపే వైబ్రేటర్ పెట్టుంటారు. జుయ్యిమంటాది. బ్యాటరీకి చార్జింగ్ కూడా కావాల కదా. నువ్వు పేటలో చార్జింగ్ షాపు కాయి."

"మరి ఫాల్క్‌ను?"

"మునిలక్ష్మి చూసుకుంటాది. మూడు వారాలుగా రిపోర్టు లేదు. ఆ పాప పార్టీ మార్చుంటే ఆమెను కూడా పట్టుకోవాల."

రామాంజినప్ప కడుపు భగ్గుమంది. మిస్ లిల్లీ అనే పేరుతో ఫాల్క్ ముఠాలో చేరిన డబుల్ ఏజెంటు మునిలక్ష్మి, యుద్ధం అయిపోగానే తనను పెండ్లాడతానని మాటిచ్చిన మనిషి.

అయిదు గంటలకు అతను షాపు ముందు నిలబడి ఉండగా ఫాల్క్ కారు వెళ్ళింది. పక్క సీట్లో మునిలక్ష్మి, నల్లకళ్ళద్దాలు, పకపకా నవ్వు. తన మాటలకు ఏనాడైనా అలా నవ్విందా? రామాంజినప్ప నిన్నా మొన్నా లాగే సైకిలెక్కాడు. డ్యూటీ గుర్తుకు రాలేదా అంటే వచ్చింది. వచ్చినా తొక్కాడు.

పెట్రోలు రేషన్ పుణ్యమా అని ఆ కారు బొగ్గు గ్యాసుతో ఆయాసపడుతూ నడుస్తోంది. సైకిలు వెనకబడలేదు. మడివాళ దాటి హొసూరు రోడ్డులో ఓ చింతచెట్టు పక్కన కారు ఆగింది. మబ్బు పట్టింది. సైకిలు ఆగగానే డైనమో దీపం ఆరిపోయింది. కారు ఇంజన్ ఆగినా హెడ్‌లైట్లు బ్యాటరీ మీద వెలుగుతూనే ఉన్నాయి. దానికి కూడా రామాంజినప్ప కుళ్ళుకున్నాడు.

ఫాల్క్ ఎడమచెయ్యి మునిలక్ష్మి భుజాల వెనక సీటు మీద ఉంది. మరి కుడిచెయ్యి ఎక్కడుంది? అది తెలియకపోతే ప్రాణం నిలిచేలా లేదు. కలబంద కంచె చాటుగా వంగి నడిచి కారు ముందుకు చేరాడు.

కుడిచెయ్యి డాష్‌బోర్డు కింద ఉంది. హెడ్‌లైట్లు మసకబారాయి. వెలిగాయి. మళ్ళీ మసకబారాయి. పొడుగు, పొట్టి, పొడుగు.

మోర్స్! కీ నొక్కినప్పుడల్లా ట్రాన్స్‌మిటర్ అదే బ్యాటరీలోంచి కరెంటు లాగేస్తోంది. అతను అక్షరాలు కూడబలుక్కున్నాడు. 'పట్టుమూటలు... ఈరోజే... టైము...'

ఒక్క పరుగు తీశాడు.

"డిమ్‌ఔట్ ఆర్డర్ సార్! లైట్లు ఆర్పాల!"

సీటు కింద జుయ్యిమని శబ్దం.

"గెటౌట్!" అన్నాడు ఫాల్క్, కీ వదలకుండా.

ఫుట్‌బోర్డు మీది బ్యాటరీ పెట్టె మూత ఎగిరింది. రామాంజినప్ప ప్లయర్ బ్యాటరీ వైరును కొరికింది. లైట్లు ఆరాయి. జుయ్యిమనే చప్పుడు ఆగింది. ఫాల్క్ కీ నొక్కాడు, లాభం లేదు. స్టార్టర్ నొక్కాడు, ఇంజన్ ఉలకలేదు. పిస్తోలు తీశాడు. టక్. మళ్ళీ టక్.

"తూటాలు నా దగ్గరుండాయి" అని మునిలక్ష్మి హ్యాండ్‌బ్యాగ్ తెరిచి చూపించింది.

ఫాల్క్ చేతులు వెనక్కి కడుతూ రామాంజినప్ప మూతి ముడిచాడు. "మూడు వారాలు ఒక్క రిపోర్టు లేదు."

"వీడు కన్ను మరల్చకుండా కూర్చుంటే ఎట్ల రాసేది? ఎదురుగా ఎద్దులబండ్లు వస్తాయి, భయమని చెప్పి మూడు దినాలుగా లైట్లు వేయిస్తా ఉండా. నువ్వు చూస్తావని."

"నేనొస్తానని ఎట్ల తెలుసు?"

"అద్దంలో దినమూ నీ సైకిలే కదప్పా కనిపించేది. వెనకాలే నిలబడి నా జడ చూసి పోతా ఉండావు. ముందుకు రావడానికి మూడు దినాలా?"

ఏడు గంటలకు రైలు క్షేమంగా కదిలింది.

మర్నాడు రిపోర్టులో ఒక ప్రశ్న దగ్గర రామాంజినప్ప కలం ఆగింది. 'చార్జింగ్ షాపు వదిలి మడివాళకు ఎందుకు వెళ్ళారు?' అరగంట ఆలోచించి 'అనుమానం' అని రాశాడు. మునిలక్ష్మి కలం లాక్కుని దాన్ని కొట్టేసి 'కడుపుమంట' అని దిద్దింది.

చెన్నరాయప్ప చదివి, కింద సంతకం పెట్టి, సైకిలుకు రెండు కొత్త టైర్లు మంజూరు చేశాడు.