ఇరవై ఏళ్ల ఖర్చు

ఉదయం 6.40. చిరాగ్‌పల్లి దాటాక హైవే పక్కన ఒక కొత్త కాలనీ. అక్కడి మురుగునీటి ప్లాంటు ట్యాంకులోంచి మొయిన్ శవాన్ని బయటికి తీశారు.

వయసు ముప్ఫై రెండు. ప్లాంటు ఆపరేటర్ అతనే. వాచ్‌మన్ కూడా అతనే.

ఎస్సై మానస ముక్కుకు కర్చీఫ్ అడ్డం పెట్టుకుని వంగింది. ఒంటిమీద దెబ్బ లేదు. వేలికున్న వెండి ఉంగరం మాత్రం బొగ్గులా ఉంది.

"తాగి పడ్డడు మేడం," అన్నాడు కాలనీ ప్రెసిడెంటు రాజశేఖర్.

"మీరు చూసిన్రా?"

"చూసుడెందుకు? సోయిల ఉన్నోడు ట్యాంకుల పడ్తడా?"

"ఝూట్!" గోడ పక్కనుంచి మొయిన్ భార్య సబ్రీన్ లేచింది. చంకలో ఏడాది పిల్ల. "మా ఆయన చుక్క ముట్టడు మేడం. తాగి సచ్చిండని రాస్తే వీళ్లు ప్లాంటు రూం ఖాళీ చేపిస్తరు. పిల్లల్ని తీస్కొని యాడికి పోవాలె?"

మానస ఆమెను పక్కకు తీసుకెళ్లింది.

"ఆ ఉంగరం ఎప్పట్నుంచి నల్లగున్నది?"

"నెల్నాళ్ల సంది. పొద్దుగాల పళ్లపొడితోని రుద్ది తెల్లగ చేస్త. సాయంత్రానికి మల్ల నలుపే. దిష్టి తగిలిందనుకున్న. పిల్ల పట్టీలు గూడ గట్లనే అయినయ్."

మానస పిల్ల కాళ్ల వైపు చూసింది. పట్టీలు కూడా బొగ్గులా ఉన్నాయి.

11.15. కాలనీ కమిటీ ఆఫీసు. రాజశేఖర్, ఎలక్ట్రీషియన్ శంకరప్ప, సబ్రీన్. టేబుల్ మీద ప్లాంటు లాగ్‌బుక్.

"శంకరప్పా, ట్యాంకులకు గాలి కొట్టే బ్లోయర్ దినాం ఎన్ని గంటలు నడుస్తది?"

"బుక్కుల ఉన్నది గదమ్మా. ఇరవై నాలుగు."

"బుక్కునడుగలే. నిన్నడుగుతున్న."

శంకరప్ప చూపు రాజశేఖర్ మీదికి పోయింది.

"నన్నేం చూస్తవయ్యా? నా మొఖం మీద మీటరున్నదా?"

"వెండి మీద ఉన్నది," అంది మానస. "గాలి అందకపోతే మురుగు కుళ్లి విషవాయువు లేస్తది. వెండిని నల్లగ చేసేది అదే. ఎక్కువైతే రెండు శ్వాసల్ల మనిషిని పడేస్తది. నెల కిందనే బ్లోయర్ బంద్ చేసిన్రు. అవునా?"

శంకరప్ప తల దించుకున్నాడు. "రోజుకొక్క గంట నడిపినం తల్లీ. కాలనోళ్లు కరెంటు బిల్లు మొయ్యలేకపోయిన్రు."

మానస బీరువాలోంచి పాత ఫైలు తీసింది. ప్లాంటు కట్టకముందు ఇంజనీర్ రాసిన రెండు పద్ధతుల పోలిక అది. కుంటల్లో ఎండకు, గాలికి మురుగునీళ్లు శుభ్రపడే పద్ధతికి రెండెకరాలు కావాలి. ఆ తర్వాత ఖర్చు నామమాత్రం. మిషన్‌కు జాగా తక్కువ, కట్టుబడి చవక. కానీ కరెంటు, రిపేర్లు కలిపితే ఇరవై ఏళ్లలో కుంటల ఖర్చుకు మూడింతలు. అడుగున నలభై ఇళ్ల వాళ్ల సంతకాలు. అందరూ మిషనే కావాలన్నారు. ఆ రెండెకరాలూ ప్లాట్లయ్యాయి.

"మూడింతలని తెల్సే సంతకం పెట్టిన్రా?"

"ఇరవై ఏండ్ల ముచ్చట ఎవడు చూసిండు మేడం?" అన్నాడు రాజశేఖర్. " నలభై ఇండ్లోళ్లకూ బేడీలేస్తరా? ఇగ ఆ బుక్కు రాసింది మొయిన్ చెయ్యే."

నిజమే. ప్రతి పేజీలోనూ ఇరవై నాలుగు గంటలని అతని అక్షరాలే.

"రాయమన్నదెవరో నేను రాస్త," మానస పెన్ను తీసింది.

"వద్దు మేడం," అంది సబ్రీన్. "కాలు జారిందని రాయుండ్రి. తాగలేదని రాయుండ్రి, గంతే. ఉంగరం ముచ్చట నేను యాడా చెప్ప."

"ఎందుకమ్మా?"

సబ్రీన్ గుమ్మం దగ్గర నిలబడ్డ మనిషిని చూపించింది. "మా మరిది జబ్బార్. ప్లాంటు నౌకరీ ఈయనకిస్తమన్నరు కమిటీవోళ్లు. రూం ఉండనిస్తమన్నరు."

"మరి బ్లోయర్ నడుపుతరా?"

రాజశేఖర్ లాగ్‌బుక్‌ను జబ్బార్ వైపు జరిపాడు.

"జర టైమెంతయింది మేడం?" అన్నాడు జబ్బార్. "పన్నెండుకు ప్లాంటుల డ్యూటీ ఎక్కాలె."