పద్నాలుగో గదిలో సబ్‌టైటిల్స్

"వాళ్ళ టీవీ బాగు చెయ్యకూడదు. బాగు చేస్తున్నట్టు కనబడుతూ ఉండాలి. అంతే మిషన్," అన్నాడు చీఫ్.

ఏజెంటుకు ఇంత చవకబారు పని ఎవరూ ఎప్పుడూ అప్పగించలేదు. కానీ టేబుల్ మీదున్న ఫొటో అతని బావది.

బావ మూడేళ్ళుగా విదేశీ ముఠా గోడౌన్లో గుమస్తాగా నటిస్తున్నాడు. ముఠా హెడ్డాఫీసు అతన్ని కనిపెట్టింది. ఇక్కడి బాస్‌కు ఇంకా తెలియదు. ఫోన్లూ మెయిళ్ళూ మనం పట్టేస్తామన్న భయంతో, హెడ్డాఫీసు ఆ ఫొటోను ఒక పాత సినిమా ఫైలులో, బొమ్మల్లోని పిక్సెల్ చుక్కల మధ్య దాచి, బాస్ ఉంటున్న హోటల్ గది టీవీకి పంపుతోంది. టీవీకి తగిలించిన డబ్బా దాన్ని బయటికి తీయాలి.

ఫైలు ఉన్నదున్నట్టు చేరితేనే ఇది సాధ్యం. దారిలో సర్వర్ దాన్ని ట్రాన్స్‌కోడ్ చేస్తే, అంటే వీడియోను విప్పి మళ్ళీ కుదిస్తే, చుక్కలు మారి ఫొటో పోతుంది. నిన్నటి నుంచి అదే జరుగుతోంది. కారణం తెలియక బాస్ మెకానిక్‌ను పంపమని హోటల్ వాళ్ళకు చెప్పాడు.

"బాస్‌ను ముందే పట్టుకుంటే గోడౌన్లో వాళ్ళు మేల్కొంటారు. మీ బావ షిఫ్టు దిగి గేటు దాటగానే 'రిమోట్ స్టాక్ వచ్చింది' అని ఫోన్ చేస్తాను," అన్నాడు చీఫ్.

పద్నాలుగో గదిలో బాస్ సోఫాలో పడుకుని ఉన్నాడు. పక్కన నల్ల గౌనులో మేడమ్. ఆమె మన మనిషి. ముఠా కూడా 'మన మనిషే' అనుకుంటుంది.

మెకానిక్ వేషంలో ఉన్న ఏజెంటు యాప్‌లో ప్లేబ్యాక్ వివరాలు తెరిచాడు. 'ట్రాన్స్‌కోడింగ్. కారణం: సబ్‌టైటిల్స్.'

నవ్వు ఆపుకోవడానికి అతను దగ్గాల్సి వచ్చింది. ఎవరూ చూడరని ముఠా తమవాళ్ళకు రాని భాషలో ఒక కుటుంబకథా చిత్రాన్ని ఎంచుకుంది. బాస్ చూశాడు. కథలో పడ్డాడు. అర్థం కావడానికి సబ్‌టైటిల్స్ పెట్టుకున్నాడు. ఆ రకం సబ్‌టైటిల్స్ చూపడం ఈ టీవీకి రాదు. అందుకని సర్వరే ప్రతి ఫ్రేము మీదా అక్షరాలు అచ్చేసి, వీడియో మొత్తాన్ని తిరగరాస్తోంది.

"వైఫై వీక్‌గా ఉందండీ," అన్నాడు ఏజెంటు.

కేబుల్ మార్చాడు. రౌటర్ జరిపాడు. యాప్ తీసేసి మళ్ళీ ఎక్కించాడు. ప్రతిసారీ బాస్ మొదట చేసిన పని సబ్‌టైటిల్స్ పెట్టుకోవడం. ఫోన్లో ముఠా ఇంజనీరు తప్పంతా హోటల్ నెట్‌దేనని వాదించాడు. సినిమాను బాస్ నిజంగా చూస్తాడన్న ఆలోచన ఆ మేధావికి రాలేదు.

మేడమ్ రిమోట్ అందుకుంది.

"ఈ అక్షరాలు తీసేసి చూద్దామా?" అని ఏజెంటు వైపు చూసి నవ్వింది. ఆమె ఎవరి మనిషో అప్పుడు తెలిసింది. అతని చెయ్యి సంచిలోని పిస్టల్ మీదికి పోయింది. ఆమె బొటనవేలు బటన్ మీద ఉంది.

బాస్ రిమోట్ లాక్కున్నాడు.

"ఆగవే. ఆ పిల్ల వాళ్ళ పిన్నికి ఏం చెబుతుందో తెలియాలి."

"తర్వాత చూసుకోవచ్చుగా?"

"రెండు నిమిషాలు. కొంపలేం మునగవు."

ఏజెంటు ఫోన్ మోగింది. రిమోట్ స్టాక్ వచ్చింది.

అతను తలుపు తీశాడు. రూమ్ సర్వీస్ యూనిఫారాల్లో నలుగురు పోలీసులు లోపలికి వచ్చారు.

వ్యానులో బాస్ తన బేడీలు చూసుకున్నాడు. ఉండబట్టలేక అడిగాడు: "ఇంతకీ ఆ పిల్ల ఏం చెప్పిందయ్యా?"

ఏజెంటు ఎదురు సీటు వైపు చెయ్యి చూపించాడు.

"మేడమ్‌ను అడుగు. ఆవిడకు ఎవరి మాటకీ సబ్‌టైటిల్స్ అక్కర్లేదు."