చెయ్యి ఆరిందా?

కొత్త ప్రాసెస్ కనిపెట్టిన కెమిస్టు సోమవారం పొద్దున లిఫ్టు గోతిలో శవమై దొరికాడు. ప్రమాదమన్నారు. తలుపు తెరుచుకుంది, లిఫ్టు రాలేదు, పాపం చూసుకోలేదు అన్నారు. ఏజెంట్ నత్తను పిలిపించిన చీఫ్ మాత్రం హత్యేనన్నాడు.

ఎంత తొందరపెట్టినా నిదానంగా నడుస్తాడని డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరది. చీఫ్ కూర్చోమని కూడా అనకుండా బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. రంగుల ఫ్యాక్టరీలో ఇన్నేళ్లూ రంగును సాల్వెంట్‌లో మరిగించారు. అది పెట్రోలులా మండుతుంది, పీల్చినవాడి ఊపిరితిత్తులు తినేస్తుంది. కెమిస్టు అదే రంగును నీళ్లలో, ఎంజైముతో, గోరువెచ్చని వేడి మీద తీశాడు. విషం పుట్టాక కడుక్కోవడం కాదు, అసలు పుట్టకుండా చూడడం. గ్రీన్ కెమిస్ట్రీ అంటే అంతే. అది గెలిస్తే సాల్వెంట్ అమ్ముకునే విదేశీ ముఠా నోట్లో మట్టే. అందుకే గురువారం పదకొండింటికి జరిగే డెమోను చెడగొడతారు.

"ముఠాలో మన మనిషి ఉంది. కోడ్ నేమ్ నెమలి. 'చెయ్యి ఆరిందా' అని అడుగుతుంది. 'ఇంకా తడిగానే ఉంది' అను," అన్నాడు చీఫ్.

నత్త తలూపాడు. ఆ ఫ్యాక్టరీలో రియాక్టర్ ఆపరేటర్ తన అక్క మొగుడేనని చెప్పలేదు. చెబితే మిషన్ ఇంకొకడికి పోతుంది.

గురువారం మీసం అతికించుకుని, మీటర్ల మెకానిక్ యూనిఫాంలో వెళ్లాడు. జేబులో గ్యాస్ పెన్. సాల్వెంట్ ఆవిరి తగిలితే దాని క్లిప్పు ఎర్రబడుతుంది. గేటు దాటాడో లేదో బావ పట్టేశాడు. ఆ మీసం ఎవరి దగ్గర అరువు తెచ్చావురా, ఇన్సూరెన్సు ఆఫీసువాళ్లు వెళ్లగొట్టారా అని ఆటపట్టించాడు. ఇంట్లో నత్త చెప్పుకున్న ఉద్యోగం అదే. నత్త నోటిమీద వేలేసుకుని బతిమాలాడు. పాత షెడ్డులో ఇరవై ఏళ్లు పనిచేసి బావ ముక్కు చచ్చిపోయింది. ఇంట్లో అన్నం మాడినా అక్కే చెప్పాలి. కొత్త ప్రాసెస్ ట్రయల్స్ మొదలైన ఆరు వారాల్లోనే దగ్గు తగ్గిందని అక్క ఫోనులో ఏడ్చింది. ముక్కు పోయినా మనిషి మిగిలాడు, అది చాలు అంది.

పదింటికి నెమలి వచ్చింది. విదేశీ ఆడిటర్ వేషం, నల్లకళ్లద్దాలు, చూపు తిప్పుకోనివ్వని నవ్వు. చెయ్యి ఆరిందా అని అడిగింది, జవాబు వింది. రిజిస్టరులో సంతకానికి పెన్ను అడిగి తీసుకుని, తిరిగిచ్చింది. మెయిన్ ప్యానెల్లో బాంబు ఉందని చెవిలో చెప్పి పోయింది. అందగత్తె చెబితే నమ్మడం ఈ ఉద్యోగంలో పాత జబ్బు. నత్త నలభై నిమిషాలు ప్యానెల్ విప్పి వెతికాడు. లోపల ఎండిపోయిన ఎలుక తప్ప ఏమీ లేదు.

తిరిగి వస్తూ పాత షెడ్డు తలుపు ముందు ఆగిపోయాడు. కంపుకి కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. పెన్ను క్లిప్పు మాత్రం తెల్లగానే ఉంది. సాల్వెంట్ జాడ తెలియకుండా పెన్ను మార్చేసింది! అంటే బాంబు ఎక్కడా లేదు. డెమో రియాక్టర్‌లోకి నీళ్లు వదిలే డ్రమ్మే బాంబు.

జీవితంలో మొదటిసారి పరిగెత్తాడు. పదకొండుకు ఒక్క నిమిషం. అద్దాల వెనక అతిథులు, ఇవతల బావ. డ్రమ్ముకు పైపు తగిలించి, వాల్వు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. నీటి ప్రాసెసే కదా అని రియాక్టర్ కింద మామూలు మోటారు బిగించారు. దాని నిప్పురవ్వ ఒక్కటి చాలు. పాత షెడ్డు కంపు ఇక్కడిదాకా కమ్మేసింది కాబట్టి డ్రమ్ము వాసన ఎవరికీ తెలిసే దారి లేదు.

"బావా, అందులో వేలు ముంచు."

నీళ్లకు భయమేమిటని ట్రయల్స్‌లో బావ చేతితొడుగులు మానేశాడు. ముఠా ఊహించనిది అదొక్కటే. వేలు ముంచి తీశాడు.

"చెయ్యి ఆరిందా?" అన్నాడు నత్త. ఈసారి అది కోడ్ కాదు.

"అప్పుడే ఆరిపోయిందిరా," అన్నాడు బావ వేలు చూసుకుంటూ. "చల్లగా జివ్వుమంది. ఇది నీళ్లు కాదు."

వాల్వు మీంచి చెయ్యి తీసేశాడు. గోడ మీద గడియారం పదకొండు కొట్టింది. అప్పటికే నెమలి కారు గేటు దాటింది.

శుక్రవారం చీఫ్ ఫైలు తెరిచి పెట్టుకున్నాడు. డ్రమ్ములో సాల్వెంట్ దొరికింది కాబట్టి కొత్త ప్రాసెస్ ప్రమాదకరమని తేల్చారట. భద్రత దృష్ట్యా రద్దు. నత్తకు ఒళ్లు మండింది. నెమలి మనల్ని మోసం చేసిందన్నాడు.

"మన మనిషేనని చెప్పానుగా," అన్నాడు చీఫ్ తలెత్తకుండా.

నెమలి చేసింది చీఫ్ చెప్పిన పనేనని నత్తకు నిదానంగా అర్థమైంది. అయితే నన్నెందుకు పంపారని అడిగాడు.

"ఎవరో ఒకరిని పంపినట్టు ఉండాలి కదా. నువ్వు నిదానస్తుడివి. టైముకి చేరవనుకున్నాం." చీఫ్ పెన్ను మూత తీశాడు. "మీ బావ అక్కడున్నాడని ముందే చెప్పాల్సిందయ్యా. ఇంకొకణ్ణి పంపేవాళ్లం."

 సోమవారం నుంచి బావకు పాత షెడ్డులోనే డ్యూటీ. ఈ మాట అక్కకు ఏ నోటితో చెప్పాలి?

చీఫ్ రద్దు ఉత్తర్వు మీద గ్రీన్ ఇంకుతో సంతకం పెట్టాడు. గ్రీన్ కెమిస్ట్రీలో చివరికి మిగిలిన గ్రీన్ అదొక్కటే. అదింకా తడిగానే ఉంది.