చెంప కింద పెడ్డ

ట్రాక్టర్ నాగలికి ముందు తగిలింది కాలి ఎముక.

డ్రైవర్ బ్రేకు తొక్కాడు. దిగి చూశాడు. చెప్పులు అక్కడే వదిలేసి ఊళ్లోకి పరుగెత్తాడు.

బోధన్ నుంచి మోస్రా వెళ్లే దారిలో, నిజాంసాగర్ కాల్వ పక్కన ఉన్న సంగప్ప చెరుకు చేను అది. 1968 ఫిబ్రవరి. చెరుకు నరకడం అయిపోయింది. చేను మూలన ముళ్లపొదలు కమ్మిన చిన్న గడ్డ ఒకటుంది. దాని జోలికి పోవద్దని సంగప్ప ఏళ్ల తరబడి చెబుతూనే ఉన్నాడు. ఆయన పసుపు బండితో నిజామాబాద్ మార్కెట్‌కు వెళ్లిన రోజు చూసి కొడుకు ట్రాక్టర్ దింపించాడు. కొత్తగా ట్రాక్టర్ కొన్నవాడికి గజం నేల ఊరికే పడి ఉన్నా కళ్లు మండుతాయి.

సబ్ ఇన్‌స్పెక్టర్ రాజనర్సు పది గంటలకు వచ్చాడు. వెంట హెడ్ కానిస్టేబుల్ భీమన్న. భీమన్న నోట్లో ఎప్పటిలాగే పాన్.

పొదల మధ్య ఏడెనిమిది సమాధి రాళ్లు సగం నేలలోకి కూరుకుపోయి కనిపించాయి.

"గిది సంగప్పోల్ల బొందలగడ్డ సార్," అన్నాడు భీమన్న. "ఆయన తాత బీదర్ దిక్కుకెల్లి వచ్చిండట. కాల్వ రాకముందే ఈడ పొదలు కొట్టి చేను జేసిండు. గీ దిక్కుల మొదటి చెరుకు ఆళ్లదే. ఇప్పుడెవ్వరికి యాదికి లేదు. పాత బొక్కలు సార్. పూడ్సి పోదాం."

"వాళ్లు లింగాయతులు గదా?"

"ఔ సార్."

"లింగాయతులు పీనుగును ఎట్ల పెడ్తరు?"

"బొందల కూసోబెడ్తరు."

"ఈ కాళ్లు సాపి ఉన్నయ్. ఇది పండబెట్టిన పీనుగు."

భీమన్న దవడలు ఆగిపోయాయి.

రాజనర్సు చొక్కా చేతులు మడిచి గోతిలోకి దిగాడు. నాగలి కాళ్ల దగ్గరే తగిలింది. పైభాగం కదల్లేదు. వేళ్లతోనే మట్టి తీశాడు. తల ఉత్తరానికి ఉంది. శరీరం కుడి పక్కకు ఒత్తిగిలి ఉంది. ముఖం పడమటికి తిరిగి ఉంది. పుర్రె వెనుక పెద్ద పగులు. కుడిచేతి వేళ్లలో రెండు సగానికే ఉన్నాయి.

చెంప కింద పిడికెడంత తెల్లటి పెడ్డ ఒకటి ఉంది.

"సున్నం సార్. కాల్వ కట్టినప్పటిది," అన్నాడు భీమన్న. పాన్ తినేవాడికి తెల్లగా కనబడ్డదల్లా సున్నమే.

రాజనర్సు దాన్ని రుమాల్లో చుట్టి జేబులో వేసుకున్నాడు.

మధ్యాహ్నానికి సంగప్ప వచ్చాడు. నుదుట మూడు విభూతి రేఖలు, మెడలో వెండి లింగకాయ. ముందు కొడుకును నలుగురిలో నిలబెట్టి తిట్టాడు. తర్వాత రాజనర్సుకు దండం పెట్టాడు.

"మా పెద్దలు సార్. మల్ల మన్నేసి పూజ జేస్కుంట. ఇడిసిపెట్టుండ్రి."

"మీ పెద్దలు కారు సంగప్పా. పండబెట్టిన శవం."

సంగప్ప గోతిలోకి ఒకసారి చూశాడు. "అట్లయితె ఎవరో దిక్కులేనోడు," అన్నాడు మెల్లగా.

ఎండలో వచ్చారని బలవంతంగా ఇంటికి తీసుకెళ్లి చాయ్ తాగించాడు. మంచి మనిషే అనుకున్నాడు రాజనర్సు. చేతులు తుడుచుకుంటూ పూజగూట్లోకి చూశాడు. లింగం ముందు విభూతి ఉండలు వరుసగా పేర్చి ఉన్నాయి.

సాయంత్రం డాక్టర్ చెప్పాడు. మగవాడు, నలభై లోపు. చచ్చి పది పన్నెండేళ్లు. దెబ్బ వెనుక నుంచి పడింది. వేళ్లు పోయింది మాత్రం అంతకు చాలా ముందు.

భీమన్న నుదురు కొట్టుకున్నాడు. "చెరుకు గానుగల చేతి ఏళ్లు వోయినోడు ఈడ ఒక్కడే సార్. గులాం. పదకొండేండ్ల కింద పెండ్లాన్ని ఇడిసి కరాచీ పారిపోయిండన్నరు."

గులాం భార్య ఇస్మత్ బోధన్‌లో ఒక ఇరుకు గదిలో బీడీలు చుడుతోంది. మెడలో పెళ్లినాటి నల్లపూసల లచ్ఛా ఇంకా ఉంది. రాజనర్సు చెప్పింది విని, బీడీల చాటను పక్కకు జరిపింది.

"అంటే, ఆయన పోలే?"

"పోలేదమ్మా. ఈడనే ఉన్నడు."

ఆమెను మొగుడు వదిలేసిన ఆడదని అందరూ అన్నారు. పాకిస్తాన్ వాని బిడ్డ అని కూతురికి వచ్చిన సంబంధాలు రెండు వెనక్కి పోయాయి. ఆమే ప్రతి రాత్రి గులాంను తిట్టుకుని పడుకునేది. ఆ తిట్లన్నీ ఇప్పుడు తననే వచ్చి తగులుతున్నట్టు ముఖం పెట్టింది.

"కరాచీ పోయిండని ఎవరు చెప్పిన్రు?"

"సంగప్పన్నకు చెప్పి రైలు టేషన్ దిక్కు వోయిండట. అన్న అబద్ధమాడడు సార్. నలభై ఎనిమిదిల పోలీస్ యాక్షన్ గడబిడల మమ్ముల ఇంట్ల దాసిండు. మా మామ అప్పుడే సచ్చిపోతె మావోళ్లెవ్వరు బయటికి రాలే. అన్ననే మా ఆయనతోని కబర్ల దిగి మామను పండబెట్టిండు. మాకు నాలుగెకరాలుండె. ఆ గడబిడల పోయినయ్. అయినా మాకు తియ్యదనం తక్కువ కాకుంట జూసిండన్న. ప్రతి రంజాన్‌కు బెల్లం పంపుతడు."

"గులాంకు పగవాళ్లు?"

ఇస్మత్ తల దించుకుంది. "నా తమ్ముడు షౌకత్. ఆయన నన్ను కొట్టిండని ఒకసారి బజార్ల పట్టుకున్నడు. సంపుతనన్నడు. గాని అది కోపంల అన్న మాట."

షౌకత్ నిజామాబాద్‌లో సైకిళ్లు బాగుచేస్తాడు. రాత్రికే స్టేషన్‌కు తెచ్చారు. ఊరంతా తీర్పు చెప్పేసింది. ముఖం కాబాకు తిప్పి పడుకోబెట్టారు. అది సాయిబుల పద్ధతి. ఇక వేరే ఎవరు? భీమన్న అయితే కేసు మూసేసినట్టే కొత్త పాన్ చుట్టాడు.

మర్నాడు సాయంత్రం రాజనర్సు ఇస్మత్‌ను, సంగప్పను కూడా స్టేషన్‌కు పిలిపించాడు. ఇస్మత్ గోడకు ఆనుకుని నిలబడింది. సంగప్ప ఆమె పక్కకు వెళ్లాడు.

"ధైర్యం జెయ్ చెల్లె. నేనున్న."

షౌకత్ కటకటాల వెనుక లేచి నిలబడ్డాడు. "ఆపా, నేను సంపలే. నీ మీద ఒట్టు."

ఇస్మత్ తమ్ముడి వైపు చూడలేదు. సంగప్ప కండువా అంచు పట్టుకుని నిలబడింది.

రాజనర్సు బల్ల మీద రుమాలు విప్పాడు.

"షౌకత్, కబర్ల చెంప కింద ఏం పెడ్తరు?"

"మట్టిపెడ్డ సార్. మొఖం పడమటికి నిల్వనీకి."

రాజనర్సు పెడ్డను కటకటాల దగ్గర పట్టాడు. "ఇది మట్టా?"

షౌకత్ వేలితో ముట్టుకున్నాడు. "కాదు సార్. ఇదేందో నాకు తెల్వదు."

"భీమన్నా, నీ సున్నంల ఇసుక ఉంటదా లేదా?"

"ఉంటది సార్."

రాజనర్సు వేళ్లు తడిపి పెడ్డ మీద రాశాడు. ఇసుక తగల్లేదు. మెత్తటి బూడిద వేళ్లకంటింది. ఆ వేళ్లతో బల్ల మీద అడ్డంగా మూడు గీతలు గీశాడు. తర్వాత ఇంకో పొట్లం విప్పాడు. అందులో సంగప్ప పూజగూటి నుంచి పొద్దున తెప్పించిన విభూతి ఉండ ఉంది. రెంటి మీదా ఒకే తీరుగా వేళ్ల ఒత్తులు.

"సాయిబు చేసి ఉంటె మట్టి పెట్టేటోడు. తెలియనోడు చేసి ఉంటె ఏదీ పెట్టకపోయేటోడు. చెంప కింద ఏదో పెట్టాలని ఇతనికి తెలుసు. గాని పెట్టింది తన ఇంటి ముద్ద. కబర్ల దిగి సాయిబును పండబెట్టిన లింగాయతు ఈ బోధన్ల ఎంతమంది ఉన్నరు ఇస్మత్?"

ఆమె చేతిలోని కండువా జారిపోయింది.

సంగప్ప కుర్చీ కోసం వెతికాడు. దొరక్క నేల మీదే కూర్చున్నాడు.

"మట్టిపెడ్డ కోసం ఎతికిన సార్," అన్నాడు చివరికి. "వాన వడ్డది. అంత బురదనే. గులాంకు బురద పెట్టబుద్ధి కాలే. ఇంటికి వోయి గూట్లకెల్లి తెచ్చిన."

"ఎందుకు చంపినవ్?"

"గడబిడల ఎవరన్న గుంజుకుంటరని గులాం ఆ నాలుగెకరాలు నా పేరు మీద రాయించిండు. తర్వాత ఇస్తనన్న. నిజంగనే ఇద్దమనుకున్న సార్. యాడాది యాడాది చెరుకు ఏసుకుంట పోయిన. అది నాదే అనిపించబట్టె. ఆనాడు వచ్చి నవ్వుకుంట అడిగిండు. నవ్వుకుంటనే అడిగిండు సార్. నేను ఇంకో పంట ఆగుమన్న. ఇంక ఆగనని అటు తిరిగిండు. నా చేతుల పార ఉండె."

షౌకత్ కటకటాలు పట్టుకుని ఏడ్చాడు. భీమన్న పాన్ ఉమ్మేసి వచ్చి తలుపు తాళం తీశాడు.

"బెల్లం?" అంది ఇస్మత్.

సంగప్ప కండువా అంచుతో ముఖం తుడుచుకున్నాడు.

"గా బెల్లం ఏ చేనుది అన్నా?"

"నీదే చెల్లె," అన్నాడతను. "నీ నాలుగెకరాలదే."

పదకొండు పండుగలు ఆ బెల్లంతోనే సేమియా వండింది. మొదటి గిన్నె అన్న ఇంటికే పంపింది. రాజనర్సుకు ఆమె వైపు చూడటం కష్టమైంది. ఎందరో దొంగలను, హంతకులను చూశాడు. ఇంత కాలం అన్నం పెట్టినట్టే పెట్టి నమ్మకాన్ని తినేసిన వాణ్ణి చూడలేదు. అతని ఇంట తాను తాగిన చాయ్ కూడా ఇప్పుడు చేదుగా గుర్తొచ్చింది.

ఇస్మత్ మెడలోని లచ్ఛా తీసింది. పూసలు కొంగుకు ముడి వేసుకుంది. మొగుడు వదిలేసిన ఆడది ఆ క్షణాన మొగుడు చచ్చిపోయిన ఆడది అయింది. ఆ రెంటి మధ్య ఉన్న మర్యాద ఎంతో ఆమెకే తెలుసు.

"తమ్మీ, పా. ఆయనను తీసుకపోయి మనోళ్ల దగ్గర పెడదాం," అంది షౌకత్ చెయ్యి పట్టుకుని.

గుమ్మం దగ్గర ఆగింది. నేల మీద కూర్చున్న మనిషి వైపు తిరిగింది.

"ఆయన మొఖం ఎటు తిప్పాల్నో నీకు ఎర్కనే అన్నా. నా మొఖం యాడ పెట్టుకోవాల్నో పదకొండేండ్లల్ల ఒక్కసారన్న ఆలోచన జేసినవా?"