జోషిత వంతు సూది

పొద్దున్నే స్నానాలగదిలో కావలిబిళ్ళ పలకరించింది. "కుందన గారూ, చక్కెర కాస్త పెరిగింది. నిన్న జిలేబీ తిన్నారా?"

"తిన్నాను. అయితే ఏం?" అంది కుందన, నోట్లో బ్రష్షు తీయకుండానే.

బిళ్ళ నొచ్చుకోలేదు. దానికి ఆ గుణం పెట్టలేదు. గోరంత ఉండే ఆ పలచటి బిళ్ళ చీరాలలో ప్రతి ఇంటి స్నానాలగదిలోనూ ఉంటుంది. మనిషి ఒంట్లోంచి వెళ్ళిన నీటిని చదివి, లోపల ఏం జరుగుతోందో ఆ మనిషి జీవపత్రంలో రాసేస్తుంది. జబ్బు ముదిరాక ఆసుపత్రికి పరిగెత్తడమనేది ఈ కాలపు పిల్లలకు తెలియదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అంటే అసలే తెలియదు. బడిలో పదేళ్ళకే టీకా, ఆ తర్వాత జీవితాంతం బిళ్ళ కాపలా. తల్లుల్ని పొట్టన పెట్టుకున్న ఆ జబ్బును ఈ రెండూ కలిసి జిల్లా పొలిమేర దాటించాయి. పదేళ్ళుగా ఒక్క కేసు లేదు. రేపు ఆ పదేళ్ళూ నిండుతున్నాయి కాబట్టి ఊళ్ళో సున్నా పండుగ.

పండుగలో దీపం వెలిగించే గౌరవం కుందనకు దక్కింది. యాభై ఎనిమిదేళ్ళ ఈ నర్సు, బిళ్ళలు రాని రోజుల్లో గడప గడపా తిరిగి, సిగ్గుపడే ఆడవాళ్ళను బతిమాలి, కసిరి, నవ్వించి పరీక్షకు తీసుకొచ్చిన మనిషి. ఇంకో నెలలో పదవీ విరమణ. రేపటికి కట్టుకోవడానికి చెల్లెలు నేసిన చీర తెచ్చుకుందామని నేతపేటకు బయల్దేరింది.

చెల్లెలంటే పదకొండు నిమిషాల చిన్నది. జోషిత, కుందన కవలలు. ఒకే ముక్కు, ఒకే గడ్డం, నవ్వితే ఒకే వైపు సొట్ట. ధైర్యం మాత్రం దేవుడు సమానంగా పంచలేదు, మొత్తం పెద్దదానికే ఇచ్చేశాడు. మరమగ్గాలు చీరను గంటలో నేసి పడేస్తున్న కాలంలో కూడా జోషిత గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని రోజుకు మూరెడు నేస్తుంది. చేనేతకు ఇప్పుడు గిరాకీ ఎక్కువ.

పెరట్లో దండెం మీద ఆరేసిన పాత గుడ్డలు చూసి కుందన ఆగిపోయింది.

"ఏందే ఇవి? ముట్లుడిగి ఏడేళ్ళయింది కదే నీకు!"

"మళ్ళా మొదలైందక్కా," అంది జోషిత, సిగ్గుగా నవ్వుతూ. "రెండు నెలల్నించి అప్పుడప్పుడూ కనపడతంది. వయసు ఎనక్కి తిరిగిందేమో!"

"బిళ్ళ ఏం అన్లా?"

"అదేం అంటది? పచ్చదీపమే ఎలుగుతంది. డాక్టర్ని అడిగితే, ఆయనా జీవపత్రం చూసి, నీకు కవచం ఉందిలేమ్మా, ఏదో నీరసం అన్నాడు."

కుందన పెరటి గట్టు మీద చతికిలబడింది. ఒకప్పుడైతే, ముట్లుడిగాక మళ్ళీ రక్తం కనపడిందన్న మాట పేటలో ఏ ముసలమ్మ చెవిన పడినా ఆ జబ్బేనని గుండెలు బాదుకునేది. జబ్బుతో పాటు భయం పోయింది, భయంతో పాటు గుర్తుపట్టే తెలివీ పోయింది. డాక్టరును అనడానికి ఏముంది? టీకా వేయించుకున్నవాళ్ళను జీవపత్రం 'కవచధారి' అంటుంది. వాళ్ళలో ఇరవై ఏళ్ళుగా ఒక్క కేసూ కనిపించకపోవడంతో, కవచధారుల విషయంలో ఆ ఒక్క పరీక్షనూ వదిలేయమని బిళ్ళలకు నేర్పారు. అందుకే జోషిత ఇంటి బిళ్ళ అటువైపు చూడనే లేదు.

కానీ జోషితకు కవచం లేదు. ఆ సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు.

నలభై ఎనిమిదేళ్ళ కిందట, అయిదో తరగతి గదిలో వరుస కట్టారు. టీకా వేసే ముందు ముఖముద్ర అనే యంత్రం పిల్ల మొహం చూసి పేరు నిర్ధారించేది. ఒకరి బదులు ఒకరు రాకుండా పెట్టిన ఏర్పాటది. సూదిని చూడగానే జోషిత నీళ్ళ డ్రమ్ము వెనక నక్కి, ఊపిరాడనట్టు ఏడ్చింది. కుందన తన సూది వేయించుకుని వచ్చింది. తన ఎర్ర రిబ్బన్లు విప్పి చెల్లెలికి కట్టి, చెల్లెలి ఆకుపచ్చ రిబ్బన్లు తను కట్టుకుని మళ్ళీ వరుసలో నిలబడింది. టీచరు చూసేది రిబ్బన్లనే. యంత్రం చూసేది మొహాన్నే. "జోషిత" అని ఒప్పుకుంది యంత్రం. "ఎంత ధైర్యమే జోషితా నీకు!" అని మెచ్చుకుంది నర్సు. ఆ సాయంత్రం రెండు చేతులూ పైకి లేవక కుందన కూర్చుంటే, జోషిత అన్నం కలిపి ముద్దలు పెట్టింది.

ఆ రుణం జోషిత ఊరికే ఉంచుకోలేదు. పదో తరగతిలో కుందనకు లెక్కలంటే ప్రాణం మీదికొచ్చేది. లెక్కల పరీక్ష రోజున ఆకుపచ్చ రిబ్బన్ల పిల్ల ఎర్ర రిబ్బన్లు కట్టుకుని వెళ్ళి రాసి వచ్చింది, జోషిత చోట కుందన కూర్చుంది. ఆ మార్కులతోనే కుందన నర్సయింది.

ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని కుందనను అడిగితే జవాబు ఉంది గానీ, అది మంచి జవాబు కాదు. ఊరందరికీ కవచం ఉంటే ఒక్కదానికి లేకపోయినా ఏమవుతుందిలే అనుకుంది. చాటుగా పరీక్ష చేస్తాను రమ్మంటే జోషిత రాలేదు, తనూ గట్టిగా పట్టుబట్టలేదు. ఒక గుట్టు విప్పితే రెండోదీ బయటపడుతుందని భయం. ఊళ్ళో ఆడవాళ్ళందరి వెంటా పడిన మనిషి, సొంత చెల్లెలి దగ్గర నోరు మూసుకుంది.

"పద. ఆఫీసుకు పోయి చెప్పేద్దాం," అంది కుందన.

జోషితకు అప్పుడు అర్థమైంది. మొహం పాలిపోయింది. అయినా ముందు అన్నది తన గురించి కాదు.

"వద్దక్కా. టీకా సంగతి తవ్వితే పరీక్ష సంగతీ తవ్వుతారు. నీ సర్టిఫికెట్టు పోద్ది. రేపు దీపం పెట్టాల్సిందానివి. కనీసం ఎల్లుండి చెబుదువులే."

"ఎల్లుండి అనే కదే నలభై ఏళ్ళు గడిపింది!"

"నువ్వు చెప్పమాక. నాకేం కాలా."

"నోర్మూసుకుని చెప్పులేసుకో," అంది కుందన. గొంతు కసిరినట్టే ఉంది, కళ్ళు మాత్రం నిండిపోయాయి.

కావలి కార్యాలయంలో జీవపత్రాన్ని దిద్దాలంటే తెర మీద కారణం చూపించాలి. పేరులో పొరపాటు, యంత్రంలో లోపం, మందు పాడవడం అంటూ పద్నాలుగు కారణాలున్నాయి. చెల్లెలు ఏడ్చింది, చూడలేకపోయాను అనేది వాటిలో లేదు. కుందన 'ఇతరములు' అన్నచోట వేలు పెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. లెక్కల పరీక్షతో సహా.

పక్కనే నిలబడి విన్న అధికారి డాక్టర్ అభిజ్ఞ చిన్న పిల్ల, ముప్పై దాటలేదు.

"నేను ఈ జబ్బును బొమ్మల్లో తప్ప చూళ్ళేదు మేడమ్," అంది. "టీకా లేకపోతే వైరస్ ఎప్పుడో లోపలికొచ్చి, ఏళ్ళ తరబడి చడీచప్పుడూ లేకుండా ఉండొచ్చని చదివాను. కానీ రేపే పండుగ... ఇప్పుడు ఇది నమోదైతే సున్నా పోతుంది. మీ మీద విచారణ కూడా తప్పదు."

"తెలుసమ్మా. నువ్వు నొక్కు."

అభిజ్ఞ ఒక్క క్షణం ఆ ఇద్దరి మొహాలూ చూసింది. కవచధారి అన్న మాటను జోషిత పేరు పక్కనుంచి తీసేసింది.

మర్నాడు పొద్దున్న జోషిత ఇంటి బిళ్ళ మొదటిసారి ఎర్రదీపం వెలిగించింది. ఆసుపత్రిలో ముక్క తీసి చూశారు. క్యాన్సరే. ఇంకా గర్భసంచి దాటలేదు, నయమయ్యే దశలోనే ఉంది. మైదానంలో పండుగకు కట్టిన వేదికను విప్పేశారు. కుందనకు విచారణ నోటీసు వచ్చింది. వారం తిరక్కుండా ఆ తెర మీద పదిహేనో కారణం చేరింది, 'ఒకరి బదులు ఇంకొకరు' అని. దాన్ని చూసి వేరే జిల్లాల నుంచి మూడు జంటల కవలలు కబురు చేశారు. వాళ్ళలోనూ ఒకరు ఏడ్చారట, ఒకరు చూడలేకపోయారట.

జోషిత వైద్యం ఇరవై నాలుగు సూదులు. మొదటిరోజు ఆసుపత్రిలో తెల్లటి గదిలో సూదిచేయి అనే మరచేయి సిద్ధంగా ఉంది. మనుషులు సూదులు గుచ్చే కాలం ఎప్పుడో పోయింది. కుర్చీ దాకా వచ్చి జోషిత ఆగింది. చిన్నప్పుడు నీళ్ళ డ్రమ్ము వెనక వణికినట్టే వణుకుతోంది. చెయ్యి అలవాటుగా అక్క వీపు మీదికి వెళ్ళి, మెల్లగా ముందుకు నెట్టింది.

"అక్కా, నువ్వు కూర్చోవే," అంది. నవ్వుదామనే అంది గానీ, మాట మధ్యలోనే ఏడుపైపోయింది.

కుందనకు నిజంగానే కూర్చోవాలనిపించింది. ఇరవై నాలుగూ తనకే పొడిపించుకుని, రెండు చేతులూ లేవకుండా పడి ఉండాలనిపించింది.

"ఈసారి నా వల్ల కాదే," అంది. ఆ మాట అనడం కన్నా ఆనాటి రెండు సూదులూ సుఖమనిపించింది.

సూదిచేయి కదిలింది. దాని కన్ను ఒక మొహం చూసింది, రెండో మొహం చూసింది, మళ్ళీ మొదటిది చూసింది. ముఖముద్రలు ఇన్నేళ్ళలో ఎంతో తెలివిమీరాయి గానీ కవలల దగ్గర ఇంకా తడబడుతూనే ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు అడగడం నేర్చుకున్నాయి.

"క్షమించండి. మీ ఇద్దరిలో జోషిత ఎవరు?"

కుందన పెదవి కొరుక్కుని ఊరుకుంది. అక్క వీపు మీదున్న చెయ్యి నెమ్మదిగా కిందికి జారింది.

"నేనే," అంది జోషిత. వెళ్ళి కుర్చీలో కూర్చుని, జాకెట్టు చెయ్యి తనే పైకి మడుచుకుంది.