గిల్లిస్ బూట్లు

మంచు పడ్డ మొదటి సాయంత్రం మేజర్ లాక్లన్ టీ ముట్టడు. ఆ సంగతి భార్య ఇసోబెల్‌కి పెళ్ళయిన కొత్తలోనే తెలుసు. అయినా పోసిచ్చింది, ఉండబట్టక. కప్పు చల్లారిపోయింది. ఆయన మాత్రం నిప్పు ముందు కుర్చీలో కూలబడి తలుపు వంకే చూస్తున్నాడు. నాలుగింటికే బయట చీకటి. స్కాట్లాండ్ కొండల్లో చలికాలం అంతే మరి.

ఊరందరికీ ఆయన వీరుడే. అఫ్గాన్ సరిహద్దు యుద్ధంలో తొడలో తూటా దిగినా, ఎడమ కాలు ఈడ్చుకుంటూ గుట్టెక్కి ఫిరంగి పట్టుకున్నాడని రాణిగారు స్వయంగా పతకం గుచ్చారు. ఆ గుట్ట ఎవరి బూట్లతో ఎక్కాడో ఇసోబెల్ ఒక్కదానికే తెలుసు.

పటాలంలో ఓ ఆచారం ఉంది. ఆఫీసరు పోతే అతని సామానంతా తోటివాళ్ళే వేలంలో కొనుక్కుంటారు. లెఫ్టినెంట్ గిల్లిస్ కనుమలో తప్పిపోతే, ఇంకేం, పోయాడనుకుని మర్నాడే వేలం వేసేశారు. పెట్టెలో ఉన్న రెండో జత బూట్లు లాక్లన్ కొన్నాడు. కొన్నాళ్ళకి గిల్లిస్ బతికొచ్చాడు! కాళ్ళకున్న బూట్లు పగవాళ్ళు లాక్కుంటే, మంచులో ఉత్తి పాదాలతో నడిచొచ్చాడు. తన బూట్లు తనకిమ్మన్నాడు. తెల్లారితే గుట్ట మీద దాడి. "అదయ్యాక ఇస్తాలే" అన్నాడు లాక్లన్. ఆయన గుట్ట దిగొచ్చేసరికి చలికి పాదాలు గడ్డకట్టి ఆ గిల్లిస్ కుర్రాడి ప్రాణం పోయింది.

అప్పట్నించీ ఏటా ఈ సాయంత్రం గేటు నుంచి ఉత్తి పాదాల చప్పుడు వస్తుంది. గుమ్మం దగ్గర ఆగిపోతుంది. లోపలికి రాదు.

"పోయి పడుకోరాదూ?" అంది ఇసోబెల్.

"నిద్రెక్కడిదే నాకు? గుట్టెక్కినప్పుడు కూడా ఇంత అలుపు లేదు. విసుగొచ్చేసింది."

"అయితే ఆ బూట్లేవో అతని మొహాన పారేయండి. దేవుడి పటంలా బీరువాలో దాచుకుంటే పీడ ఎలా వదుల్తుంది?"

"చేతులు రావే. వాటితోనే కదా నేను మేజర్నయింది."

ఆయన కాలీడ్చుకుంటూ మేడ మీది గదికి వెళ్ళాడు. వంగిపోయిన ఆ వీపునే చూస్తూ నిలబడింది ఇసోబెల్. ఒక్కరాత్రన్నా ఈయన కంటినిండా నిద్రపోతే చాలు, ఇంకేం అక్కర్లేదు అనుకుంది. బీరువా తీసింది. పాత తోలు వాసన, కర్పూరం వాసన. బూట్లు తెచ్చి గుమ్మం బయట మెట్టు మీద పెట్టి తలుపేసింది.

"తీసుకుని వెళ్ళిపో నాయనా," అంది గొణుగుతూ.

ఎంతో సేపు పట్టలేదు. మంచు మీద పాదాలు... మెత్తగా, తడిగా. గుమ్మం దగ్గర ఆగాయి. తోలు కిర్రుమంది. తాళ్ళు బిగిస్తున్న చప్పుడు.

హమ్మయ్య, అనుకుంది.

తలుపు తెరుచుకుంది.

బూట్ల చప్పుడు. హాల్లో... ఆమె పక్కనుంచే. చల్లటి గాలి, తడి ఉన్ని వాసన. మెట్లెక్కుతోంది. ఒక్కో మెట్టు... తీరిగ్గా. పై గది తలుపు మూసుకుంది.

ఇన్నేళ్ళూ బూట్లు లేకే అతను గుమ్మం దాటలేదని అప్పుడు తట్టింది ఆమెకి.

కాసేపటికి పైనుంచి పాదాలు దిగొచ్చాయి. ఉత్తి పాదాలు. కుడిది పడుతోంది, ఎడమది ఈడ్చుకుంటూ వస్తోంది. మనిషి లేడు. చప్పుడే హాలు దాటి బయటికి పోయింది. వెనకే తలుపు మూసుకుంది.

ఇసోబెల్ దీపం పట్టుకుని పైకి పరిగెత్తింది. మంచం మీద ఎవరో గోడవైపు తిరిగి, ముసుగుతన్ని పడుకుని ఉన్నారు. ఊపిరి నిదానంగా ఆడుతోంది. మంచం కింద బూట్లు, పక్కపక్కనే, తాళ్ళు విప్పి.

"ఏమండీ..."

"దీపం తీసేయండి మేడమ్," అంది ముసుగులోంచి ఓ కుర్ర గొంతు. "ఎన్నాళ్ళకో వెచ్చగా ఉంది."

కింద, ఇంటి బయట, ఎవరో ఎడమ కాలు ఈడుస్తూ తిరుగుతున్నారు. ఇసోబెల్ దిగొచ్చి తలుపు బార్లా తీసింది. మంచులో ఎవరూ లేరు.

"లోపలికి రండి," అంది ఏడుస్తూ. "చలికి చచ్చిపోతారు, రండి."

చప్పుడు దగ్గరికొచ్చింది. గుమ్మం దగ్గర ఆగిపోయింది.