పాత మిషన్ కింది నేలమాళిగ

శవం సీసాలు కడిగే తొట్టిలో దొరికింది.

"పోయినాయన ప్రొఫెసరు," అన్నాడు ఛీఫ్, ఫోటో బల్లమీద తోస్తూ. "కూల్‌డ్రింక్ కంపెనీకి డెబ్భయ్యైదేళ్ళు నిండుతున్నాయని సావనీరు రాస్తున్నాడు. కంపెనీ కంటే ముందు ఆయనకి నూరేళ్ళూ నిండాయి."

"సోడా ఎలా పుట్టిందో రాస్తే చంపుతారా సార్?"

"ఆ కంపెనీ పాత షెడ్డుకి ఎదురుగా ఏముంది?"

"మన కోడ్ ఆఫీసు."

"అరవైమంది మనుషులు, సైన్యం రహస్యాలన్నీ. కంపెనీ మొదట ఏదో నేలమాళిగలో మొదలైందట. అక్కణ్ణుంచి రోడ్డు కిందుగా నీటికాలువ మన పునాది దాకా వస్తుంది. మాళిగ ఎక్కడుందో ఏ మ్యాపులోనూ లేదు. ప్రొఫెసరు దాదాపు పట్టేశాడు. ఇప్పుడాయన కుర్చీలో ఒక విదేశీ చరిత్రకారిణి కూచుంది."

"ఎవరు?"

"ఆరెంజ్."

ఆరెంజ్ డబుల్ ఏజెంటు. జీతం ఇక్కడ, బోనస్ అక్కడ. పెదాలకి పూసుకునే రంగువల్ల వచ్చిన పేరది; అసలు రంగు మాత్రం ఇంతవరకూ ఎవరికీ బయటపడలేదు. ఛీఫ్ ఎదురుగా నిలబడ్డ మనవాణ్ణి డిపార్ట్‌మెంటులో 'మూత' అంటారు. అవసరమైతే తప్ప నోరు తెరవడు కనక.

"మన మనిషైతే తీసుకురా," అన్నాడు ఛీఫ్. "కాకపోతే..." చేతిలోని గ్లాసు బల్లమీద బోర్లించాడు.

మర్నాడు మూత పెట్టుడు గడ్డం, ఫ్లాష్‌లైట్‌లో వైర్‌లెస్ దాచిన కెమెరాతో ఫోటోగ్రాఫర్‌గా దిగాడు. పాత షెడ్డుని మ్యూజియం చేశారు. నడుమ చెక్కదిమ్మ మీద తాతలనాటి సోడా మిషను. చూడవచ్చినవాళ్ళకి నడిపి చూపించడానికి పక్కనే కొత్త గ్యాస్ సిలిండరు. అసలు గ్యాస్ మాత్రం కంపెనీ చైర్మన్ దగ్గరుంది.

"మా తాతగారు కలలో ఈ రుచి చూశారయ్యా! పొద్దున్నే లేచి కలిపారు!"

"నేలమాళిగలోనా సార్?"

"మా వంశంలో కిందకి దిగడం లేదు. అంతా పైకెక్కడమే!"

"ఆ వెనకగదిలో ఎవరండీ?"

"మా మేనత్త. కాస్త మతి చలించింది. ఆవిడ ఫోటో వద్దులే."

మూత నేరుగా ఆ గదికే వెళ్ళాడు. ఇనప మంచం, షెడ్డులోకి తెరుచుకునే తలుపు, గుడ్డలు కుక్కిన కిటికీ. మంచం మీద తొంభై దాటిన ముసలావిడ.

"మామ్మగారూ, కంపెనీ ఎలా మొదలైందో తెలుసుకుందామని..."

"మా నాన్న కనిపెట్టలేదు బాబూ. మా ఆయన. ఇల్లరికం అల్లుడు కదా, ఆయన మాట ఎవరికి కావాలి? కింద మాళిగలో కలుపుతూ కూచునేవాడు. ఓరోజు గ్యాస్ లీకైంది. అది బరువు. నీళ్ళలా అడుగునుంచి నిండుకుంటూ వస్తుంది. మెట్లెక్కాడు. తలుపు కొట్టాడు. నాన్న తలుపుమీద కూచున్నాడు."

"మీరెక్కడున్నారు?"

"ఈ గదిలోనే. ఏమిటి నాన్నా ఆ చప్పుడు అన్నాను. మిషన్ శబ్దమమ్మా అన్నాడు. చప్పుడు ఆగిందాకా నమ్మాను."

"ఆ మాళిగ ఎక్కడుంది మామ్మగారూ?"

"చెప్తే మా ఆయన పేరు పుస్తకంలో వేయిస్తావా?"

"వేయిస్తాను."

"ఒట్టు?"

"ఒట్టు."

"మిషన్ దిమ్మ కింద. రెండు బోల్టులు తీస్తే పక్కకి జరుగుతుంది." ఆవిడ సంతోషంగా కాళ్ళు ముడుచుకుంది. "పొద్దున ఆ నారింజ పెదాల పిల్ల కూడా ఇలాగే ఒట్టేసింది. ఇద్దరు రాస్తే ఇంకా మంచిదే కదా!"

మూత పరుగెత్తాడు. ఇందాక సరిగ్గా నడుమ ఉన్న దిమ్మ ఇప్పుడు మూరెడు జరిగి ఉంది. దాన్ని తోశాడు. ఇనప తలుపు తెరిచే ఉంది. కింద టార్చి వెలుగులో ఆరెంజ్, కాలువలోకి పోతున్న వైరు, ఆమె చేతిలో బాంబు బటను.

కోడ్ అడిగాడు. "దాహంగా ఉందా?"

మన మనిషైతే 'ఐసు లేనిదే తాగను' అనాలి. అనలేదు.

"ఒక్క మెట్టు దిగావా, నొక్కేస్తా. ఆఫీసులో సైరన్ మోగినా నొక్కేస్తా. నాకు కారు కావాలి, పాస్‌పోర్టు కావాలి."

"ఛీఫ్‌ని అడగాలి. కాసేపాగు."

తలుపు మూశాడు. గడియ తుప్పుపట్టి కదల్లేదు. పక్కన గాలి పోయే చిల్లు కనిపించింది. సిలిండరు గొట్టం అందులోకి దూర్చాడు. వాల్వు తిప్పేముందు, ఆ బుస వినపడకుండా మిషను ఆన్ చేశాడు. తర్వాత వాల్వు తిప్పి, వెళ్ళి తలుపుమీద కూచున్నాడు.

"ఏమిటా చప్పుడు?" కిందనుంచి ఆరెంజ్.

"మిషన్ శబ్దం."

వెనక ఏదో పడింది. ముసలావిడ చేతికర్ర. గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది.

కిందనుంచి తలుపు మీద దెబ్బలు మొదలయ్యాయి. "మూతా! ఊపిరాడట్లేదు! తియ్యి! నొక్కేస్తా!"

"లే బాబూ," అంది ముసలావిడ. "చచ్చిపోతుంది."

"ఎదురింట్లో అరవైమంది ఉన్నారు మామ్మగారూ."

"మా నాన్న కూడా లెక్కే చెప్పాడు. అల్లుడొక్కడు పోతే కంపెనీమీద ఎనిమిది కుటుంబాలు బతుకుతాయన్నాడు."

మూత లేవలేదు. దెబ్బలు పలచబడ్డాయి, వేళ్ళు గీరిన చప్పుడయ్యాయి, అదీ పోయింది. ఎదురాఫీసునుంచి తెప్పించిన మాస్కు తగిలించుకుని దిగేసరికి ఆరెంజ్ కిందిమెట్టు మీద ఉంది. బొటనవేలు బటను మీదే ఉంది. నొక్కడానికి ఇంకొక్క ఊపిరి కావాలి. ఆ ఒక్కటే ఆమె దగ్గర లేదు.

అరవైమందీ మధ్యాహ్నం భోజనానికి లేచారు. కూర బాగాలేదని సణుక్కున్నారు.

ఛీఫ్ మాళిగలో సిమెంటు పోయించాడు. "మాళిగ లేదు, ఆరెంజ్ లేదు, అల్లుడూ లేడు."

"ముసలావిడకి మాటిచ్చాను సార్."

"అల్లుడొస్తే మాళిగొస్తుంది. మాళిగొస్తే మనమొస్తాం. నీ పేరేమిటోయ్?"

"మూత, సార్."

"పెట్టుకో."

సావనీరు వచ్చింది. మొదటి పేజీలో కంపెనీ తాతగారు, కల, చిరునవ్వు. మూత ఒక కాపీ పట్టుకుని వెనకగదికి వెళ్ళాడు.

"మా ఆయన పేజీ చదువు బాబూ."

మూత కొత్త ఫ్లేవర్ అడ్వర్టైజ్‌మెంటు ఉన్న పేజీ తెరిచి, దానివంక చూస్తూ, ఎక్కడా ఆగకుండా చదివాడు. ఇల్లరికం అల్లుడు, మాళిగ, తలుపు, డెబ్భయ్యైదేళ్ళ రుచి, అన్నీ. ఆవిడ ఆఖరిదాకా కళ్ళు మూసుకుని వింది.

"ఫోటో ఉందా?"

"ఉందండీ. నవ్వుతున్నారు."

ఆవిడ దిండు జరిపింది. కింద అదే సావనీరు, దానిమీద భూతద్దం.

"మా మేనల్లుడు నిన్ననే పడేసి పోయాడు. అయినా బాగా చదివావు. మా నాన్న కూడా అంతే, తడుముకునేవాడు కాదు." మంచం కిందనుంచి కూల్‌డ్రింక్ సీసా తీసి అతని చేతిలో పెట్టింది. "దాహంగా ఉన్నట్టున్నావు, తాగు."

"ఓపెనరుందా మామ్మగారూ?"

"వెతుక్కుని తీసుకో బాబూ. ఎంతసేపూ మూతమీద కూచోడమేనా, తియ్యడం కూడా కాస్త నేర్చుకో."